ఎడారి తోటయు, అతిథి భోజనమును



నేటి ప్రసంగమునకు నేను గ్రహించిన విషయము సముద్రమున కావలి దేశమునకు సంబంధించినది. అరబ్బుల ఎడారిలో తోట యెట్లు నిలిచినది, ఆ తోటను ఆధారము చేసికొని తిరుగాడిన బదవీలు ఏమి తినిరి, వచ్చినవారికి ఏమి పెట్టిరి అనునది ఆ విషయము. ఎడారి యనగా ఇసుక, ఒంటె, ఎండమావి అని బాల్యమున పాఠపుస్తకములలో చదివి మనము తృప్తిపడితిమి. అచ్చట మూడువేల యేండ్లుగా నీటిని వంతులు వేసికొని సేద్యము చేసిన రైతులు కలరనియు, తమ ఆకలిని మ్రింగి బాటసారి ఆకలి తీర్చుట ధర్మముగా నెంచిన సంచారులు కలరనియు మనలో ననేకు లెరుగరు. ఎరుగుట యవసరము. ఏలయన, మన పల్లెలనుండి వేలకొలది యువకులు బ్రదుకుతెరువునకై ఆ దేశములకే పోవుచున్నారు.

పెక్కు చోటుల ముచ్చట చెప్పినచో ప్రసంగము చెదరును గాన, ఒక్క చోటును పట్టుకొందును. యునైటెడ్ అరబ్ ఎమిరేట్సు అను ఏడు సంస్థానముల సమాఖ్యలో అబూదాబి పెద్దది. ఆ నగరమునకు తూర్పుగా సుమారు 160 కిలోమీటర్ల దూరమున, ఒమాను దేశపు సరిహద్దు నంటి, అల్ ఐన్ అను పట్టణము కలదు. అరబ్బీ భాషలో ఐన్ అను శబ్దమునకు కన్ను అనియు, నీటి ఊట యనియు రెండర్థములు. ఆ యెడారికి ఆ పట్టణము నిజముగా కన్ను వంటిదే. దాని నడుమ లక్షా నలువదివేలకు పైగా ఖర్జూర వృక్షములు గల తోటలు మట్టిగోడల మరుగున పచ్చగా నుండును. దక్షిణమున హఫీత్ అను బోడికొండ. ఆ కొండకు ఆవల ఇసుకతిన్నెలు.

ఈ సేద్యము నిన్న మొన్నటిది కాదు. అబూదాబికి పడమట సముద్రములోనున్న దల్మా దీవిలో త్రవ్వకములందు దొరకిన ఖర్జూరపు గింజలు సుమారు 7,000 సంవత్సరముల నాటివని పరిశోధకులు నిర్ణయించిరి. హఫీత్ కొండవాలున రాళ్లు పేర్చి కట్టిన గుండ్రని సమాధులు సుమారు 5,000 ఏండ్లనాటివి. పట్టణమునకు ఉత్తరమున హీలీ యను చోట కంచుయుగపు పల్లె బయల్పడినది. అచ్చటివారు ధాన్యమును, ఖర్జూరమును పండించినట్లు గుర్తులు కలవు. వీనిలో అల్ ఐన్ సీమలోని స్థలములను, తోటలతో గూడ, యునెస్కో సంస్థ 2011లో ప్రపంచ వారసత్వపు పట్టికలో చేర్చినది.

వర్షము లేని చోట ఇంత తోటకు నీరెక్కడిది యని మీరు ప్రశ్నింతురు. దానికి సమాధానము ఫలజు. ఇది అరబ్బీ పదము. దాని ధాతువునకు చీల్చుట, పంచుట అని అర్థము. కాలువకు పేరు పెట్టునప్పుడే పంపకమును పేరులో నిలిపిన ఆ పూర్వుల బుద్ధిని మెచ్చుకొనవలయును. ఫలజు నిర్మాణ మెట్లనగా: కొండపాదమున నీటిజాడ గుర్తించి లోతుగా నొక బావి త్రవ్వుదురు. దానిని తల్లిబావి యందురు. ఆ బావి అడుగునుండి తోటవరకు భూమిలోపలనే ఒక సొరంగమును, కనబడీ కనబడని వాలుతో, త్రవ్వుకొని పోవుదురు. త్రవ్విన మన్ను పైకి తీయుటకును, లోపలివారికి గాలి తగులుటకును నడుమ నడుమ నిలువు గుంటలు దింపుదురు. వాలు ఎక్కువైనచో నీరు మట్టిని కోసికొని పోవును. తక్కువైనచో నీరు నిలిచిపోవును. ఎద్దు లేక, మోట లేక, ఏ యంత్రమును లేక, నీరు తనంతట తాను నడచి తోటకు వచ్చును. దారి పొడుగునను భూమి నీడలోనే యుండుటచే ఎండకు ఆవిరి కాదు. హీలీ సమీపమున కనుగొనిన ఫలజు సుమారు 3,000 ఏండ్లనాటిది.

ఇట్టి నిర్మాణము మనకు బొత్తిగా పరాయిది కాదు. మన రాయలసీమలో ఏటియిసుకను చీల్చి తీయు ఊటకాలువ దీనికి దగ్గరి చుట్టము. పూర్వపు హైదరాబాదు సంస్థానములో చేరియుండిన బీదరు పట్టణము చెంత నౌబాదు అను చోట, 15వ శతాబ్దమున బహమనీ సుల్తానుల కాలమున త్రవ్వించిన కరేజు అను సొరంగపు కాలువ నేటికిని కలదు. పేరు పారసీకమైనను పద్ధతి ఒక్కటే.

కాలువ త్రవ్వుట ఒక యెత్తు; పంచుకొనుట మరియొక యెత్తు. ఫలజు భూమిపైకి వచ్చిన మొదటి తావున త్రాగునీరు ముంచుకొనవలెను. దాని దిగువను స్నానాదులు. ఆ తరువాతనే తోట. ఎంత ధనికుడైనను త్రాగునీటి రేవుకు ఎగువను తోట పారించుకొనరాదు. తోటలకు నీరు కాలమునుబట్టి వంతు. ఒమాను సీమలో అథర్ అను కొలత కలదు. అది సుమారు అరగంట, మన ఘడియకు కొంచెము పెద్దది. పగలు నాటిన కర్ర నీడను చూచియు, రాత్రి నక్షత్రముల ఉదయమును చూచియు వంతులు మార్చిరి. దీనిని కనిపెట్టి యుండు పెద్దమనిషిని అరీఫ్ అందురు. తెలిసినవాడని ఆ మాటకు అర్థము. మన తెలంగాణమున నీరటి యనియు, సీమలో నీరుగంటి యనియు పిలువబడినవాడు చెరువుక్రింద చేసిన పనినే అతడు ఫలజుక్రింద చేసెను.

ఇక తోట. ఎడారితోట మూడు అంతస్తుల మేడ. పై యంతస్తు ఖర్జూరము. దాని పాదములు నీటిలోను, శిరస్సు నిప్పులోను ఉండవలెనని అరబ్బులు చెప్పుదురు. దాని మట్టలు క్రిందికి పట్టిన గొడుగు. ఆ గొడుగు నీడను నిమ్మ, దానిమ్మ, అత్తి, అరటి, మామిడి. వాని క్రింద పశువులమేత గడ్డియు, కూరాకులును. పై చెట్టును నరికితివా, క్రింది రెండు అంతస్తులును ఒక వేసవికి మాడిపోవును. ఖర్జూరములో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. గాలిని నమ్ముకొనక, మగపూతను కోసి తెచ్చి, ప్రతి ఆడచెట్టు పైకి ఎక్కి, విచ్చిన పూగెలలో చేతితో నుంచి కట్టుదురు. ఒక్క మగచెట్టు పూత నలువది యేబది ఆడచెట్లకు చాలును. గ్రీష్మము నడుమ కాయ పండును. పచ్చిగా నున్నపుడు ఒక పేరు, రంగు తిరిగినపుడు ఒక పేరు, మెత్తబడినపుడు రుతబ్ అని, ఎండినపుడు తమర్ అని, దశ దశకును పేరు మార్చి పిలుచుదురు. ఎండిన పండ్లను గోనెల కెత్తి, నేలపై గాడులు తీసిన చిన్న గదిలో ఒకదానిపై నొకటి పేర్తురు. బరువుకు పాకము కారి గాడులవెంట జాడిలో పడును. దిబ్స్ అను ఈ పాకము వారికి బెల్లమునకు బదులు.

తోటగోడకు వెలుపల, ఇసుకలో, ఎవ్వరును నీరు పోయని చెట్టొకటి కలదు. దానిని గాఫ్ అందురు. వృక్షశాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరును మన జమ్మిచెట్టునకు పెట్టిన పేరును ఒక్కటే. అవును, పాండవులు ఆయుధములు దాచిన శమీవృక్షము, విజయదశమినాడు మనము ప్రదక్షిణము చేయు జమ్మియే అది. వేళ్లు పాతాళమునకు దింపి నీరు త్రాగి, బదవీకి నీడను, ఒంటెకు మేతను, పొయ్యికి కట్టెను ఇచ్చును. లేతాకును కరవునాడు మనుష్యులును తినిరి. ఆ సమాఖ్యకు అది జాతీయవృక్షము. మన తెలంగాణమునకు రాష్ట్రవృక్షము. రెండు దేశముల వారు, ఒకరి నొకరు అడుగకయే, ఒక్క చెట్టునకు మ్రొక్కిరి.

బదవీ యను శబ్దము ఎడారి వాసిని తెలుపును. మన పత్రికలవారు బెడూయిన్లని వ్రాయుదురు. తోటవాడు కదలడు, బదవీ నిలువడు. కాని ఒకరు లేక ఒకరికి గడవదు. బదవీ ఒంటెలను, మేకలను, నేతిని, ఉన్నిని, కట్టెబొగ్గును తెచ్చును. ఖర్జూరమును, ధాన్యమును కొనిపోవును. పలు తెగలలో ఒకే కుటుంబమువారు శీతకాలమున ఒంటెలవెంట తిరిగి, వేసవిలో ఖర్జూరపు పంటకు తోటలకు చేరుచుండిరి. కొందరు మగవారు ఆ వేసవియందే సముద్రమునకు పోయి ముత్యపు చిప్పలకై మునుగుచుండిరి. ఆ ముత్యములు బొంబాయి బజారుకు వచ్చెను. ఆ ఓడలే మన దేశపు బియ్యమును, బట్టను, మలబారు ఏలకులను అక్కడకు మోసికొనిపోయెను. 1966 వరకు ఆ రేవులలో చెల్లిన నాణెము రూపాయియే. 1959లో మన రిజర్వు బ్యాంకు ఆ సీమకొరకే వేరుగా రూపాయి నోట్లను అచ్చువేసినది.

బదవీ నిత్యభోజనము మిక్కిలి స్వల్పము. ఖర్జూరపు పండ్లు, ఒంటెపాలు. పిండి దొరకినపుడు నీటితో ఉప్పుతో తడిపి, అప్పడమువలె కాక మందముగా తట్టి, నిప్పులు త్రోసి, వేడియిసుకలో పూడ్చి, బూడిద దులుపుకొని తినుటయే రొట్టె. మిగిలిన మజ్జిగను కాచి విరుగజేసి, నీరు పిండి, ఖర్జూరముతో నేతితో తినుదురు. దానిని చామీ యందురు. మాంసము పండుగనాటిది, అతిథి వచ్చిననాటిది. తనకొరకై పశువును కోసికొనువాడు అరుదు. గోధుమలను మాంసముతో గంటలకొలది ఉడికించి, కఱ్ఱతో ఎనిపి చేయునది హరీస్. 10వ శతాబ్దపు బాగ్దాదు వంటగ్రంథమునందే దాని ముచ్చట కలదు. 2023లో యునెస్కో దానిని గుర్తించినది. యెమెను దేశపు హద్రమౌత్ సీమనుండి నిజాము సైన్యమునకు వచ్చి హైదరాబాదులో బార్కస్ పేటలో స్థిరపడిన అరబ్బులు ఈ వంటను తమతో తెచ్చిరి. మన మసాలాలు చేరిన హలీము దాని దగ్గర బంధువు. ఆ హైదరాబాదు హలీమునకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది.

వంటకంటె వడ్డన పెద్దది. అతిథికి మొదట ఇచ్చునది కాఫీ. కాఫీ పానము యెమెనునుండి 15వ శతాబ్దమున వ్యాపించినది. అంతకుముందు స్వాగతమునకు పాలును పండ్లును ఉండెను. గింజలను అప్పటికప్పుడు వేయించి, రోట దంచి, ఏలకులు వేసి కాతురు. ఆ రోటిచప్పుడే చుట్టుపట్ల వారికి పిలుపు. పోయువాడు కొమ్ముచెంబును ఎడమచేత, పిడిలేని గిన్నెను కుడిచేత పట్టవలెను. గిన్నె నిండుగా పోయరాదు. నిండుగా పోసిన త్రాగి పొమ్మనుటయట! చాలునన్నపుడు అతిథి గిన్నెను మెల్లగా ఊపి ఇచ్చును. మూడు దినముల వరకు వచ్చినవానిని నీ పని యేమని ప్రశ్నింపరాదు. పగవాడైనను గుడారమున అన్నము తిన్నవానికి ఆ గుడారము కావలి.

ఇది దయచేత కలిగిన నియమమని మాత్రమే తలపకుడు. నేడు నా గుడారమునకు వచ్చినవాని గుడారమునకు రేపు నేను పోవుదును. బావికి బావికి నడుమ నాలుగైదు దినముల ప్రయాణమున్న చోట, ఒక్కడు కాదన్నచో మరియొకడు చచ్చును. కాబట్టి అతిథిపూజ అక్కడ నీటివంతు వంటిదే. తప్పినవాడు తెగలో తలయెత్తుకొనలేడు. దీనికొక నిదర్శనము. 1946 చివర విల్ఫ్రెడ్ థెసిగర్ అను ఆంగ్లేయుడు బదవీల తోడ్పాటుతో ఆ మహామరుభూమిని దాటెను. రొట్టెముక్కలతో దినములు గడపి, నీరసించిన దశలో, వారికొక కుందేలు చిక్కినది. అది ఉడుకుచుండగా అందరి కండ్లును కుండపైననే. సరిగా ఆ క్షణమున అరబ్బులు కొందరు అచ్చటికి వచ్చిరి. ఆ బదవీలు లేచి ఎదురేగి, కాఫీ ఇచ్చి, కుందేలును రొట్టెను వారిముందు పెట్టి, మీరు మా అతిథులని చెప్పి, ఒక్క ముక్కయు ముట్టలేదు. థెసిగర్ ఆ సంగతిని తన గ్రంథమున వ్రాసికొనెను.

ఆ సంవత్సరమే, అనగా 1946లో, షేక్ జాయెద్ అనునాయన అల్ ఐన్ సీమకు అధికారిగా వచ్చెను. అప్పటికి ఫలజులు పూడిపోయి యుండెను; నీటిహక్కులు కొందరు ధనికుల చేతులలో నుండెను. ఆయన పాత ఫలజులు బాగుచేయించి, సరూజ్ అను క్రొత్తదానిని త్రవ్వించుటకు పూనుకొనెను. అది ముగియుటకు పదునెనిమిది ఏండ్లు పట్టినది. తన కుటుంబపు నీటిహక్కులను ముందుగా వదలుకొని, పిమ్మట తక్కినవారిని వదలుమనెను. 1966లో ఆయన అబూదాబికి ప్రభువయ్యెను. 1971 డిసెంబరు 2వ తేది ఏర్పడిన సమాఖ్యకు మొదటి అధ్యక్షుడయ్యెను. ఈలోగా 1962లో అబూదాబినుండి మొదటి నూనె ఓడ కదలినది. నూనెతో ధనము వచ్చినది, ధనముతో పంపులు వచ్చినవి. ఎవరి బోరు వారిదైనది. తల్లిబావుల క్రింది నీరు క్రుంగినది. మూడువేల యేండ్లు తనంతట తాను నడచిన నీరు పెక్కు ఫలజులలో ఆగిపోయినది. నేడు అల్ ఐన్ తోటల కాలువలలో పారునది చాలవరకు బోరులనుండి తోడి విడుచు నీరు. ఎమిరేట్సువారి ఫలజు విద్యను యునెస్కో 2020లో మానవజాతి వారసత్వముగా ప్రకటించినది. ప్రకటన వచ్చినది గాని ఊట రాలేదు. ఈ కథ వినునపుడు మీలో పలువురకు మీ ఊరి చెరువును, దాని చుట్టును వెలసిన బోరుబావులును జ్ఞప్తికి రాకమానవు.

నా కుమారుడు అబూదాబిలో ఉద్యోగము చేయుచుండగా, ఒక మాఘమాసమున నేనచ్చటికి పోయి ఈ తోటలను చూచితిని. గోడల నడుమ బాట చల్లగా నుండెను. ఒక తోటలో మనిషి చెట్టుపైనుండి మగపూత కట్టుచు, క్రింద నా మాటలు విని తెలుగున పలుకరించెను. జగిత్యాల ప్రాంతమువాడు, కల్లుగీత వృత్తివారి బిడ్డ. నడుమునకును చెట్టునకును చుట్టిన త్రాటిని చూపి, "సారూ, మోకు మన మోకే, చెట్టే వేరు" అనెను. అచ్చటి రైతులు వెనుక తాము చేసిన పనిని ఇప్పుడు ఇట్టి పరదేశుల చేతులు చేయుచున్నవి. ఇంతలో తోట యజమాని, వృద్ధుడు, వచ్చి చాప పరపించి కూర్చుండబెట్టెను. ఖర్జూరము, కాఫీ వచ్చెను. నేను మాంసము ముట్టనని ఆ పనివాడు చెప్పగా, వృద్ధుడు నవ్వి చామీని, రొట్టెను తెప్పించెను. నేనెవరినని అడిగినది మూడవ గిన్నె కాఫీ తరువాత.

మరునాడు మావాడు ఇసుకతిన్నెల నడుమనున్న ఒక విలాసపు విడిదికి, రిసార్టు అనుదానికి, నన్ను కొనిపోయెను. అచ్చట బదవీ విందు అని ఫలకము. ద్వారమున పేరడిగిరి, గది సంఖ్య అడిగిరి, సొమ్ము చెల్లినదా యని చూచుకొనిరి. పిమ్మట స్వాగతము పలికిరి. ఇసుకలో పూడ్చి కాల్చిన మాంసమును తెల్లవారు ఫోటోలు తీసికొనుచుండిరి. నేను పండ్లు, రొట్టె పుచ్చుకొంటిని. కాఫీ పోసిన చిన్నవాడు కేరళీయుడు. చెంబు ఎడమచేతను, గిన్నె కుడిచేతను, మర్యాద అణుమాత్రము తప్పలేదు. ఆ బదవీ విందులో బదవీ యొక్కడును లేడు. వంట రుచిగానే యుండెను, ఆ చిన్నవాని వినయము నిజమైనదే. కాని తోటలో అన్నము ముందు, ప్రశ్న తరువాత. విడిదిలో ప్రశ్న ముందు, అన్నము తరువాత. ఈ ఒక్క తేడాలో ఆ దేశపు ఏబది యేండ్ల చరిత్ర యంతయు నాకు కనబడినది.

విడిదులను నేను నిందింపను. వానివలన కొన్ని వంటలు మరుగుపడక నిలిచినవి, మన పిల్లలకు జీతములు దొరకినవి. కాని ధర్మము వేరు, దాని వేషము వేరు. నీటిని పంచుకొన్నన్నాళ్లు అన్నమును పంచుకొనుట వారికి సహజమయ్యెను. నీరు ఎవరిది వారిదైన తరువాత, అన్నమునకు వెల కట్టుట తేలికయైనది. ఈ రెండును ఒకే త్రాటి పోగులని నా విన్నపము.

కడపట మీకొక మాట. మీ కుమారులును, మేనల్లుండ్రును ఆ దేశమునుండి వచ్చినపుడు పెట్టెలు విప్పించి ఊరకుండకుడు. ఎక్కడి తోటలో పనిచేసితివి, అచ్చట నీటివంతు ఎవరు చూతురు, పూత ఎట్లు కట్టుదురు, ముసలి యజమాని యేమి చెప్పెను అని దగ్గర కూర్చుండబెట్టుకొని అడుగుడు. వారు పడిన కష్టమును చెప్పుకొనుటకు వెనుదీయుదురు గాని, నేర్చిన విద్యను అడిగినచో తలయెత్తి చెప్పుదురు. మీ ఊరి నీరటి చేసిన పంపకమును తెలిసినవారు మీలో ఇంకను కొందరున్నారు. దానిని మీరు వారికి చెప్పుడు.

సెలవు.